ఎనిమిదో మాట

కంచరపాడు చర్చిలో కిందటి డిసెంబరులో ఐదో కొవ్వొత్తి వెలిగింది. గొడవంతా అక్కడే మొదలైంది గానీ, అప్పుడెవరూ దాన్ని గొడవనుకోలేదు.

క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. వారానికొక కొవ్వొత్తి వెలిగించి, ప్రభువు వచ్చేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండటమే ఆ కాలంలో చెయ్యాల్సిన పని. ఓపిక ఎవరికీ లేదు గానీ కొవ్వొత్తి వెలిగించడానికి మాత్రం అందరూ ముందుకొస్తారు. నాలుగు కొవ్వొత్తులూ నాలుగు ఇళ్ళవాళ్ళకి ఇచ్చేశారు. అంతలో కమిటీ కార్యదర్శి దేవసహాయం గారి వియ్యపురాలు పట్టుచీర కట్టుకుని పొరుగూరి నుంచి దిగింది. ఆవిడ చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా.

దేవసహాయం గారు తాలూకాఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగిన మనిషి. రిటైరైనా ఆఫీసు ఆయన్నొదిలి పోలేదు. కమిటీలో లేచి, గొంతు సవరించుకుని చదివారు.

"నాలుగుకు మించరాదని గ్రంథమందు ఎచ్చటనూ నిషేధము కానరానందున, ఐదవ కొవ్వొత్తి సముచితమని భావించడమైనది."

చదివి, పాస్టరు గారి వంక చూశారు. పాస్టరు పరంజ్యోతి గారు కమిటీకి అధ్యక్షులు. ఆయన సంతకం లేందే ఏ తీర్మానమూ చెల్లదు.

"కానివ్వండి," అన్నారు పాస్టరు గారు.

ఆయన మంచివాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. గుమ్మం ఎత్తు పెంచుతామన్నా కానివ్వండి, గంట తాడు మారుస్తామన్నా కానివ్వండి. ఆ మాట అంటే అందరూ ఇళ్ళకి పోతారని ఆయన అనుభవం.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయన భార్య సునందమ్మ, ఊరందరికీ అమ్మగారు, అడిగింది.

"ఏవండీ, ఐదో కొవ్వొత్తికి ఐదో ఆదివారం కావాలి కదా. ఎక్కణ్ణించి తెస్తారు?"

"శనివారం వెలిగిస్తారంట."

"అంటే శనివారాన్ని ఆదివారం చేశారన్న మాట. మీరేమన్నారు?"

పాస్టరు గారు చారు కలుపుకుంటున్నారు.

"తెలుసులెండి ఏమన్నారో. ప్రసంగానికి పుల్పిట్టెక్కితే మీ గొంతు వీధి చివరకి వినపడుద్ది. కమిటీ బల్ల దగ్గర పళ్ళు దాటి రాదు. ఆ కానివ్వండి కాకుండా మీ నోట్లో ఇంకో మాట లేదా?"

"వెతుకుతాలే," అన్నారాయన.

"వెతకండి. నేనుండగా దొరికితే బావుండు."

ఆవిడుండగా దొరకలేదు. జనవరి చలిలో దగ్గు పట్టి, మంచం దిగలేదు అమ్మగారు. పోయే ముందు ఒక్కటే అడిగింది.

ఆ ఊళ్ళో ఈస్టరు నాడు చీకటితోనే సంఘమంతా సమాధుల తోటకి నడుస్తారు. ఎవరి వాళ్ళ సమాధి మీద వాళ్ళు కొవ్వొత్తి పెట్టి, ప్రభువు లేచాడని పాట పాడి, తూరుపు తెల్లబడ్డాక ఇళ్ళకొచ్చి టీ తాగుతారు. పరంజ్యోతి గారు ఆ ఊరొచ్చిన కాణ్ణించీ ఏటేటా ముందు లాంతరు పట్టుకుని నడిచేది అమ్మగారే.

"ఈసారి నేను అక్కడే ఉంటాను. లాంతరు మీరే పట్టుకోవాలి. చీకటుండగానే రండి. ఎండెక్కాక వచ్చి, కమిటీ ఉండిపోయింది సునందా అన్నారో, ఊరుకోను."

"వస్తాను."

"కమిటీ వద్దంటే?"

"వస్తానన్నాగా."

అమ్మగారు నవ్వింది. నమ్మిన నవ్వు కాదది.

*

ఫిబ్రవరిలో బూడిద బుధవారంతో శ్రమకాలం వచ్చింది. ఈస్టరు దాకా ధ్యానాలూ, ఉపవాసాలూ, సాయంకాలం కూడికలూ. ప్రభువు శ్రమల్ని తల్చుకుని ఎవరికి తోచింది వాళ్ళు మానేశారు. కొందరు టీవీ మానేసి ఫోను చూశారు. కొందరు మాంసం మానేసి చేపలకెగబడ్డారు. దేవసహాయం గారు పంచదార మానేశారు. అది డాక్టరు కిందటేడే మానిపించాడు.

ఈ కాలానికంతటికీ కొస మంచి శుక్రవారం. ఆ రోజు పన్నెండింటి నుంచి మూడింటి దాకా ఆరాధన. ప్రభువు సిలువ మీద పలికిన మాటలు ఏడు. ఒక్కో మాట మీద ఒకరు లేచి మాట్లాడతారు. అన్ని చర్చిల్లోనూ ఉన్నదే. కంచరపాడులో మాత్రం ఆ మాటలు పొలం గట్లలాగా పాతుకుపోయాయి. ఎవరి మాట వాళ్ళది. ఇంకొకళ్ళు కాలు పెట్టడానికి లేదు.

క్షమించమన్న మొదటి మాట దేవసహాయం గారిది. సర్వీసులో ఆయన ఎవర్నీ క్షమించినట్టు దాఖలా లేదు. దొంగకి పరలోకం ఇస్తానన్న మాట హెడ్డు కానిస్టేబులుగా చేసి దిగినాయనది. తల్లిని శిష్యుడికి అప్పజెప్పిన మాట స్త్రీల సమాజం పెద్ద దీనమ్మది. నన్నెందుకు వదిలేశావన్న మాట వార్డు ఎన్నికల్లో వరసగా ఓడినాయనది. దాహమన్న మాట సోడా కొట్టాయనది. అయిపోయింది అన్న ఆరో మాట తీతు మాస్టారిది. ఆత్మను అప్పగించిన ఏడోది పాస్టరు గారిది.

అందరిలోకీ జనానికి ఇష్టమైన మాట తీతు మాస్టారిదే. ఆయన లెక్కల మేష్టారుగా పనిచేశాడు. ముక్తసరి మనిషి. ఆయన లేచి "అయిపోయింది" అనంగానే నిద్రపోయేవాళ్ళు కూడా కళ్ళు తెరుస్తారు.

బర్నబాసుకి మాట లేదు. రైసు మిల్లు అతనిది. చర్చికి ముందు పంచ వేయించాడు, ఫ్యాన్లు పెట్టించాడు, ఈమధ్యనే కొత్త మైకు సెట్టు కొనిచ్చాడు. బూడిద బుధవారం కమిటీకి వచ్చి వెనక బల్ల మీద కాదు, ముందు కుర్చీలో కూచున్నాడు.

"మైకు నాది. అందులో మాట మాత్రం నాకు లేదా?" అన్నాడు.

దేవసహాయం గారు తలూపారు. "న్యాయమైన విజ్ఞప్తే. కాని ఏడు స్థానములూ భర్తీ అయి ఉన్నవి."

"అయితే ఎనిమిదోది తియ్యండి."

"తియ్యడానికి అవేమన్నా నీ మిల్లులో బస్తాలంటయ్యా?" అన్నాడు తీతు మాస్టారు. "ప్రభువు ఏడే పలికాడు."

"మీకు తెలిసినవి ఏడు మాస్టారూ. పొద్దుణ్ణించి మూడింటి దాకా ఉన్నాడాయన అక్కడ. అంతసేపట్లో ఏడు మాటలేనా? మీరైతే ఊరుకుంటారా?"

"నేనైతే రెండే అందును. ఆకలి, నిద్ర."

"ఎవరన్నా ఒకళ్ళు వదులుకోండయ్యా తమ మాట," అంది దీనమ్మ. "శ్రమకాలం కదా. ఏదో ఒకటి మానెయ్యాలి కదా."

ఆ మాటకి అందరూ పైన ఫ్యాను వంక చూశారు. అదీ బర్నబాసు ఇచ్చిందే.

దేవసహాయం గారు లేచారు. "ఐదవ కొవ్వొత్తి విషయములో మనకు పూర్వోదాహరణ ఉన్నది. ఐదవది వెలిగించినందున క్రిస్మసు ఆగలేదు. ఏడు మాటలకు మించరాదని గ్రంథమందు నిషేధము లేదు. కావున ఎనిమిదవ మాటను కనుగొనుటకు మాటల అన్వేషణ ఉపసంఘమును నియమించడమైనది."

పాస్టరు గారి నాలిక చివర ఏదో కదిలింది. ప్రభువు అనని మాట మనమెలా అనిపిస్తామండీ అని అడగాలనిపించింది. కానీ బయట పొద్దు గూకుతోంది. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఇంకో అరగంటే కదా, శుక్రవారం మూడున్నరైనా ఆదివారం ఆదివారమే కదా, దాన్నెవరూ కదపలేరు కదా అనుకున్నారు.

"కానివ్వండి," అన్నారు.

*

ఉపసంఘం రెండు వారాలు గ్రంథం తిరగేసింది. తర్వాత కమిటీ ముందుకొచ్చి నివేదిక పెట్టింది.

"సిలువ వేయుటకు ముందు ప్రభువునకు చేదు కలిపిన ద్రాక్షరసము ఇవ్వబడినది. వారు రుచి చూచి, త్రాగలేదు. అనగా వద్దన్నారు. కావున ఎనిమిదవ మాట, వద్దు."

"వద్దన్నాడని ఎక్కడుందయ్యా?" అంది దీనమ్మ. "తాగలేదని ఉంది."

"తాగకపోయే ముందు వద్దని అనే ఉంటారు కదమ్మా. మర్యాద తెలిసిన కుటుంబం," అన్నారు దేవసహాయం గారు.

వద్దు అన్న మాట బర్నబాసుకి దక్కింది. అతను ఆ సాయంకాలమే మిల్లు దగ్గర గుమాస్తాని కూచోబెట్టి ప్రసంగం మొదలుపెట్టాడు.

అప్పటిదాకా ఊళ్ళో మాట లేనివాళ్ళంతా మాట లేకుండానే బతికారు. ఎనిమిదోది దొరికిందని తెలిశాక ఒక్కరికీ నిద్ర పట్టలేదు. పాటల గుంపు వాళ్ళొచ్చారు. ప్రభువు చివర్లో బిగ్గరగా కేక వేసినట్టుంది కదా, ఆ కేక మాదన్నారు. కేక మాట కిందికొస్తుందా అని రెండు గంటలు చర్చ జరిగింది. మాటకంటే కేకే పెద్దది గనుక అందులో మాట ఇమిడి ఉంటుందని తేల్చారు.

తర్వాత బీమా ఏజెంటొచ్చాడు. రెండో దొంగ ఎగతాళి చేస్తే ప్రభువు బదులు చెప్పలేదు. ఆ బదులు చెప్పకపోవడం తనకిమ్మన్నాడు.

"మౌనం గురించి నువ్వు మాట్లాడతావా?" అన్నాడు తీతు మాస్టారు. "ఎంతసేపు?"

"గంటలో ముగిస్తానండీ. క్లుప్తంగా."

"మౌనము కూడా మాటయేనని ఉపసంఘము నిర్ధారించడమైనది," అని రాసుకున్నారు దేవసహాయం గారు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికొస్తుంది.

సిలువ పైన కొట్టిన పలకని మూడు భాషల్లో రాశారు గనుక ముగ్గురికిచ్చారు. ఆ భాషలు ఆ ముగ్గురికీ రావు. ఒకే సంగతిని తెలుగులోనే మూడుసార్లు చెప్పడానికి ఒప్పందమైంది. ప్రభువు అంగీ కోసం చీట్లేసుకున్న సైనికుల వైపు నుంచి ఒకాయన మాట్లాడతానన్నాడు. అతను క్లబ్బులో పేకాడతాడు. విషయం మీద పట్టుంది. భూమి వణికిన సంగతి ఇళ్ళు కట్టే మేస్త్రీ తీసుకున్నాడు.

"భూమి వణికింది. పలికిందా?" అన్నారు పాస్టరు గారు. శ్రమకాలం మొత్తంలో ఆయన కమిటీని అడిగిన ప్రశ్న అదొక్కటే.

"శబ్దము వచ్చి ఉండును కదండీ," అన్నారు దేవసహాయం గారు.

"కానివ్వండి."

పేతురు బొంకినప్పుడు కూసిన కోడి మాత్రం ఇబ్బంది పెట్టింది. అది ముందు రాత్రి సంగతి. కోడి కావాలన్నది కోళ్ళఫారం వాళ్ళు. వాళ్ళనీ కాదనలేక, "నిన్నటి అంశమును బకాయిగా పరిగణించి నేటి కార్యక్రమమున చేర్చడమైనది" అన్నారు.

ఇన్ని మాటలూ ఎక్కడ ఇరికించాలన్నది చివరి ప్రశ్న. అయిపోయింది అన్నాక ఇంకొకడు లేచి కోడి గురించి మాట్లాడితే బాగుండదు. అందుకని కొత్త మాటలన్నీ ఐదో మాటకి అటూ ఇటూ, ఆరోదానికి ముందు పెట్టారు. తీతు మాస్టారు తన వంతు కోసం ఆగాలి. ఆయన అయిపోయింది అనందే పాస్టరు గారు ఆత్మని అప్పగించడానికి లేదు.

*

మంచి శుక్రవారం పన్నెండింటికి చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళంతా తెల్లచీరలు. పొద్దుణ్ణించీ ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ముందు పంచలో దీనమ్మ వాళ్ళు అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ కుండలు పెట్టి తడిగుడ్డ కప్పారు. ఆరాధన అయ్యాక అందరూ తలా గ్లాసు తాగి ఇళ్ళకి పోతారు. గుడ్డ కింద నుంచి అల్లం వాసన లోపలికి కొడుతోంది.

మొదటి నాలుగు మాటలూ మామూలుగానే జరిగాయి. తర్వాత బర్నబాసు లేచాడు.

వద్దు అన్న మాట మీద ఇంత సరుకుందని ఎవరికీ తెలీదు. తను జీవితంలో వద్దన్నవన్నీ చెప్పాడు. చిన్నప్పుడు బడి వద్దన్నాడు. పెళ్ళి చూపుల్లో మొదటి సంబంధం వద్దన్నాడు. తడిసిన ధాన్యం ఎవరు తెచ్చినా వద్దన్నాడు. మైకు తనది గనుక సౌండు తనే పెంచుకున్నాడు. మూడు కొట్టింది. గడియారం వంక చూసినవాళ్ళ మీద అతని చూపు పడింది.

"ప్రభువు తొందరపడ్డాడా?" అని గద్దించాడు.

అతను కూచోగానే తీతు మాస్టారు లేచాడు. "నాదేనా?"

"కూర్చోండి మాస్టారూ. ఇంకా కేక ఉన్నది," అన్నారు దేవసహాయం గారు.

కేక వేశారు. పంచలో పడుకున్న కుక్క లేచి పారిపోయింది. "నాదేనా?" అన్నాడు మాస్టారు. ఇంకా మౌనం ఉన్నది. బీమా ఏజెంటు మౌనం మీద మాట్లాడుతుంటే బయట నీడలు పొడుగయ్యాయి. ఆ తర్వాత సోడా కొట్టాయన వంతొచ్చింది. ఆయన నాలిక ఎండిపోయి పెదాలకి అంటుకుపోయింది. ఏటా ఈ మాట మీద ఆయనేదో చెప్తాడు, ఎవరూ వినరు. ఈసారి మైకు పట్టుకుని "దాహం" అన్నాడు, అంతే, ఇంక గొంతు రాలేదు. చర్చి చర్చంతా ఏడ్చింది. శ్రమకాలం ధ్యానాలన్నిట్లోకీ నిజంగా ధ్యానం జరిగింది ఆ ఒక్క నిమిషమే.

"ఇప్పుడు నాదేనా?"

"పలక ఉన్నది మాస్టారూ. మూడు భాషలు."

దీపాల వేళైంది. సైనికులూ, భూకంపమూ, కోడీ ఇంకా మిగిలే ఉన్నాయి. దేవసహాయం గారు మైకు తీసుకున్నారు.

"కాలాతీతమైనందున, ప్రభువును యథాస్థానమందే ఉంచి, సభను రేపటికి వాయిదా వేయడమైనది."

"యథాస్థానం అంటే?" అని అరిచింది దీనమ్మ.

"సిలువ మీదనేనమ్మా."

"తెల్లార్లూనా?"

"సాంకేతికముగా."

"మరి మజ్జిగో?"

"ఉపవాస విరమణ ఆరవ మాటకు లోబడి ఉండును."

దీనమ్మ పంచలోకి పోయి, గుడ్డ తీసి, గ్లాసు ముంచుకుని నిలబడే తాగేసింది. మూతి తుడుచుకుంది.

"నేను మూడో మాటనయ్యా. నాది మధ్యాహ్నమే అయిపోయింది," అంది. వెనకాల జనం గ్లాసుల కోసం తోసుకున్నారు.

*

శనివారం మాటలు తగ్గలేదు, పెరిగాయి. శుక్రవారం మాట్లాడినవాళ్ళని వీధిలో జనం ఆపి పలకరిస్తుంటే చూసి ఓర్వలేక, ఇంకా కొందరు పొద్దున్నే కార్యదర్శి గుమ్మం ముందు నిలబడ్డారు. ప్రభువుకి శిక్ష వేసిన పిలాతు భార్యకి వచ్చిన కలొకరికి, ద్రాక్షరసంలో ముంచిన స్పంజి ఒకరికి, మేకుల మాట ఇనప కొట్టాయనకి ఇచ్చారు. తీతు మాస్టారు "నాదేనా?" అని లేచీ లేచీ మోకాళ్ళు పట్టేసి, లేవకుండానే అడగడం మొదలుపెట్టాడు.

సాయంకాలం కమిటీ కూచుంది. పాస్టరు గారు అధ్యక్ష స్థానంలో కూచున్నారు. ఆయన చూపు కిటికీ మీద ఉంది. రేపే ఆదివారం. పొద్దుటి నుంచీ ఆయన మనసులో ఒకటే లెక్క. ఎన్ని మాటలున్నా ఇవాళ్టితో సరి, రేపు చీకటితో లాంతరు.

దేవసహాయం గారు కాయితం విప్పారు.

"మిగిలిపోయిన అంశములు అనేకములున్నందునను, ఆరవ, ఏడవ మాటలు పలుకబడనందునను, ప్రభువు మరణము ఇంకను పూర్తి కానట్టే. మరణము పూర్తికానిదే పునరుత్థానము సాంకేతికముగా అసాధ్యము. కావున ఈస్టరును వచ్చే బుధవారమునకు మార్చడమైనది. రేపు వేకువనే మాటలు కొనసాగును. సమాధుల తోటయందు కూడిక అంతవరకు నిషేధించడమైనది."

చదివి, కాయితం పాస్టరు గారి ముందుకు జరిపారు.

"అయ్యగారూ?" అన్నారు దేవసహాయం గారు.

పాస్టరు గారికి కానివ్వండి అనడానికి నోరు రాలేదు. ఇంకేమనాలో ఆయనకి తెలీదు. ఇన్నేళ్ళూ వేరే మాట వాడితే కదా. ఆయనకి నవ్విన మొహం ఒకటి కనపడింది. నమ్మిన నవ్వు కాదది.

అందరూ కాసేపు చూశారు.

"మౌనము కూడా మాటయేనని ఉపసంఘము ఇదివరకే నిర్ధారించి ఉన్నది," అన్నారు దేవసహాయం గారు. "కావున అయ్యగారి మౌనమును అంగీకారముగా నమోదు చేయడమైనది. సంతకము రేపు వేకువ తీసుకుందుము. పెన్నులో సిరా అయిపోయినది."

*

ఆదివారం కోడి కూయకముందే పాస్టరు గారికి మెలకువ వచ్చింది. ఏటా అమ్మగారు లేపేది. లేపేవాళ్ళు లేకపోయినా లేచారు. లాంతరు కొక్కానికి ఉంది. అగ్గిపెట్టె ఎక్కడుందో తెలీలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అగ్గిపెట్టె చోటు ఆయన కనుక్కోలేదు. గూడంతా చేత్తో తడిమి, ఉప్పు డబ్బా వెనకాల దొరికితే వెలిగించుకున్నారు.

సమాధుల తోటకి చర్చి ముందు నుంచే పోవాలి. చర్చిలో లైట్లు వేసి ఉన్నాయి. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటున్నాడు బర్నబాసు. తన మాటకి కొనసాగింపుగా ఇంకాస్త సమయం అడిగి పుచ్చుకున్నాడంట. దేవసహాయం గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో కాయితం, జేబులో కొత్త పెన్ను.

"వందనాలండీ అయ్యగారూ. రండి రండి. ముందు ఇక్కడ ఒక సంతకం."

పాస్టరు గారు ఆగలేదు.

"అయ్యగారూ! చర్చి ఇటు!"

"తెలుసండీ."

"మరి ఎక్కడికి?"

"మా ఆవిడ దగ్గరికి," అని నడిచారు పాస్టరు గారు.

తోట దగ్గర పడే సరికి ఆయన కాళ్ళు ఆగాయి. చీకట్లో ఒక దీపం కాదు, తోటంతా దీపాలే. సున్నం కొట్టిన సమాధులన్నీ వెలుగుతున్నాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. కోళ్ళఫారం వాళ్ళున్నారు, మేస్త్రీ ఉన్నాడు, సోడా కొట్టాయన పెళ్ళాం పిల్లల్తో ఉన్నాడు. తీతు మాస్టారు ఎవరిదో సమాధి గట్టు మీద మోకాళ్ళు చాపుకుని కూచున్నాడు.

"ఏం దీనమ్మా," అన్నారు పాస్టరు గారు, "బుధవారం కదా?"

"మా అత్త సమాధికి సున్నం కొట్టించానండీ. బుధవారం దాకా దాని మీద కుక్కలు ఎక్కకుండా కమిటీ కాపలా ఉంటుందా?" అంది దీనమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "అయినా, అమ్మగారికి ఇక్కడ ఇదే మొదటి ఈస్టరు. వాయిదా పడిందని ఆవిడకి ఎవరు చెప్తారండీ? నాకు ధైర్యం లేదు. మీకుందా?"

పాస్టరు గారికీ లేదు.

అంతలో దేవసహాయం గారు రొప్పుకుంటూ వచ్చారు. వెనకాల బర్నబాసు. మైకు వైరు అంత దూరం రాదు గనుక చేతులూపుకుంటూ వచ్చాడు.

"ఏమిటిది? ఇది తీర్మానమునకు విరుద్ధము! రికార్డు ప్రకారము ప్రభువు ఇంకను సిలువ మీదనే ఉన్నారు!"

"లేరండీ," అన్నారు పాస్టరు గారు. "లేచారు."

"ఎప్పుడు?"

"ఇందాకే. చీకటుండగానే."

"ఎవరి అనుమతితో?"

పాస్టరు గారు ఆలోచించారు. "మనల్ని అడగలేదండీ. అప్పుడు కూడా కమిటీ ఒకటుంది. ఆయన సమాధికి రాయి అడ్డం పెట్టి, ముద్రేసి, కాపలా పెట్టింది. దాన్నీ అడగలేదు."

దేవసహాయం గారు చుట్టూ చూశారు. కొవ్వొత్తులు పట్టుకుని ఊరంతా ఆయన్నే చూస్తోంది. ఆఫీసులో ఎన్నో సంక్షోభాలు దాటిన మనిషాయన. కాయితం తిరగేసి, బర్నబాసు వీపు మీద ఆనించి, గబగబా రాశారు. రాసింది పైకి చదివారు.

"ముందస్తు అనుమతి లేకయే జరిగిపోయిన పునరుత్థానమును, ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా, ఈ సంవత్సరమునకు మాత్రము కమిటీ ధ్రువీకరించడమైనది. దీనిని ఇకమీదట పూర్వోదాహరణగా పరిగణించరాదు. మిగిలిన మాటలు బుధవారము యథావిధిగా కొనసాగును." పెన్ను మూత తీసి ఇచ్చారు. "అయ్యగారూ, ఇక్కడ సంతకం. అందరికీ మర్యాద దక్కుతుంది. కానివ్వమంటారా?"

పాస్టరు గారు లాంతరు ఎడం చేతిలోకి మార్చుకున్నారు. కుడి చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది. అలవాటు కదా.

"కుదరదండీ," అన్నారు.

అంత మెల్లిగా అన్నారు. అయినా తోట చివర ఉన్నవాళ్ళకి కూడా వినపడింది. దేవసహాయం గారికే వినపడలేదు.

"ఏమన్నారు?"

"కుదరదు. బుధవారం లేదు. కోడి లేదు, పలక లేదు. వచ్చే ఏడాది మాటలు ఏడే. కొవ్వొత్తులు నాలుగే."

బర్నబాసు నోరు తెరిచి మూశాడు. అప్పుడు సమాధి గట్టు మీద నుంచి తీతు మాస్టారు మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"అయ్యగారూ, అయితే ఇప్పుడు నాదేనా?"

"మీదే మాస్టారూ."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం నుంచీ దాచుకున్న మాట అది. తోటంతా దద్దరిల్లేలా అరిచాడు.

"అయిపోయింది!"

జనం ఆమేన్ అన్నారు, చప్పట్లు కొట్టారు, నవ్వారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. బర్నబాసు కాసేపు చూసి, మైకు లేని గొంతుతోనే కలిశాడు. పర్వాలేదు, బాగానే పాడతాడు.

పాస్టరు గారు ఆ సందట్లోంచి తప్పుకుని, తోట చివర కొత్త సమాధి దగ్గరికి వెళ్ళారు. సిమెంటు ఇంకా రంగు తేలలేదు. లాంతరు తలవైపు పెట్టి, ఒత్తి కొంచెం పెద్దది చేశారు. తూరుపు ఇంకా నల్లగానే ఉంది.

"చీకటుండగానే వచ్చా," అన్నారు. "విన్నావా? ఇంకో మాట దొరికిందే సునందా."